గోల్ లైన్ దగ్గరి గరిక

2014 సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం, స్కూల్ లైబ్రరీలో మైదానాల కమిటీ పదకొండు మంది కూర్చున్న టేబుల్ ముందు రాజగోపాల్ నిలబడి ఉన్నాడు. "ఆ గడ్డి ఎందుకు జారింది?" అని కమిటీ పెద్దావిడ అడిగింది. జవాబు తెలిసినవాళ్లు ఆ గదిలో ఇద్దరే. ఒకడు నిలబడి ఉన్న రాజగోపాల్. రెండోవాడు తల్లిదండ్రుల తరఫున కమిటీలో కూర్చున్న జగన్మోహన్. రాజగోపాల్ అతని వైపు చూశాడు. జగన్మోహన్ కాగితాల వైపు చూసుకున్నాడు. ఆ తర్వాత గొంతు సవరించుకుని, చక్కటి ఇంగ్లీషులో, ఎంతో మర్యాదగా అన్నాడు: నిజం గడ్డితో వచ్చే చిక్కే ఇది, అంతా మనిషి జాగ్రత్త మీద ఆధారపడి ఉంటుంది, మనుషులేమో పొరపాట్లు చేస్తారు.

పొరపాటు చేసిన మనిషి తానేనని మాత్రం అనలేదు. మైదానానికి ఏ గడ్డి వేయాలో చేతులెత్తి చెప్పమన్నప్పుడు ప్లాస్టిక్ గడ్డికే చెయ్యెత్తాడు. రికార్డులో ఒక్క ముక్క రాసుకున్నారు: నిర్వహణ లోపం. ఇరవై రెండేళ్ల పని ఆ రెండు మాటల్లో ఇమిడిపోయింది.

డాలస్ దగ్గర ప్లేనోకి కాస్త ఉత్తరాన, ఆ ప్రాంతం సర్కారు బళ్లన్నీ చూసే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఆట మైదానాలు చూసుకోవడం రాజగోపాల్ ఉద్యోగం. బాపట్లలో అగ్రికల్చర్ బీఎస్సీ చదివి, 1988లో టెక్సస్ వచ్చి, పచ్చిక మీదే ఎమ్మెస్ చేశాడు. కూడా వచ్చినవాళ్లు రెండేళ్లు తిరక్కుండా కంప్యూటర్ల వైపు గెంతారు. ఇతనికి గెంతాలనిపించలేదు. మనవాళ్ల పార్టీల్లో ఎవరైనా కొత్తవాళ్లు "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే, "గడ్డి పెంచుతానండీ" అనేవాడు.

"దానికి ఇంత దూరం రావాలా అన్నా? మా బర్రెలు అక్కడే ఉండె కదా!"

ప్లేట్లు పట్టుకుని అందరూ నవ్వేవాళ్లు. అతనూ నవ్వేవాడు. ఈ దేశంలో మనవాళ్లు మనిషిని తూచేది మెడలో వేలాడే ఆఫీసు బ్యాడ్జీతో. మట్టిలో పని చేసేవాడి బ్యాడ్జీకి మట్టి అంటుకుని ఉంటుంది, పేరు కనపడదు. భార్య మీనాక్షి ఫార్మసిస్టు. "మావారు స్కూల్ డిస్ట్రిక్ట్‌లో మేనేజర్ అండీ" అని సర్దేది. "మేనేజర్నే. పదిహేనెకరాల పచ్చికకి" అని అతను పూర్తి చేసేవాడు.

అతని దగ్గర పసుప్పచ్చ పిడి ఉన్న పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒకటి ఉండేది. రోజూ తెల్లారగానే దాన్ని మైదానంలో అక్కడా ఇక్కడా గుచ్చి చూసేవాడు. పిడి దాకా దిగితే నేల గుల్లగా ఉందని అర్థం. సగంలో ఆగితే నేల గట్టిపడింది, దాని మీద పడే పిల్లాడి మోకాలికి ఆ సంగతి తెలుస్తుంది. ఫుట్‌బాల్ (ఇక్కడివాళ్లు బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) మైదానంలో అతను పెంచింది మనం వినాయక చవితికి కోసే గరికే. కాకపోతే మేలు రకం సంకరం. ఆకు సన్నం, రంగు ముదురు. విత్తనం కట్టదు. ముక్క తుంచి నాటితేనే బతుకుతుంది. మనిషి చెయ్యి ఆగిపోతే దాని వంశం అక్కడితో సరి.

ఆ ఊళ్లో తెలుగువాళ్లకి చవితి గరిక రాజగోపాల్ చలవే. స్టేడియం కంచె అవతల వాననీటి కాలువ గట్టు మీద మామూలు గరిక విచ్చలవిడిగా పెరిగేది. చవితి ముందురోజు అతను పక్క గేటు తాళం తీసేవాడు. కార్లు బారులు తీరేవి. స్టీలు పళ్లాలతో ఆడవాళ్లు, ఫోన్లో పత్రి లిస్టు చదివే మగవాళ్లు. "గట్టు మీదే కోసుకోండి. లోపల అడుగు పెట్టొద్దు, మందు కొడతాం" అని ఒక్కటే మాట చెప్పేవాడు. బర్రెల జోకు వేసినవాళ్లు కూడా ఆ పూట "రాజగోపాల్ గారూ, ఇంకొంచెం లేతది ఎక్కడుందండీ?" అని వినయంగా అడిగేవాళ్లు. ఏడాదికి ఒక్క రోజు అతని చదువుకి గౌరవం దక్కేది.

2014లో చవితి శుక్రవారం వచ్చింది. అదే సాయంత్రం స్కూల్ టీమ్ మొదటి మ్యాచ్. ఆ ఏడు కరువు, గట్టు మీది గరిక వరిగడ్డిలా ఎండిపోయింది. స్టేడియం లోపల మాత్రం గోల్ లైన్ దగ్గర కొత్త పచ్చిక మెరుస్తోంది. అక్కడ పాతది అరిగిపోతే, పొలంలో పెంచి మట్టితో సహా చాపల్లా కోసిన గడ్డి తెచ్చి మూడు వారాల కిందటే పరిచాడు. వేళ్లు ఇంకా సరిగా దిగలేదు. దిగాలనే కోత తగ్గించి, కాస్త పెరగనిచ్చి, చుట్టూ తాడు కట్టాడు.

గుడి తరఫున నూట ఎనిమిది ఇళ్లకి పూజ ప్యాకెట్లు సర్దే పని జగన్మోహన్ నెత్తినేసుకున్నాడు. ఒక్కో ప్యాకెట్‌లో ఇరవై ఒక్క గరిక పోచలు. గురువారం సాయంత్రం అతను ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే, రాజగోపాల్ తాళం చెవి చేతికిచ్చి, "కోసుకుని తాళం వేసి వెళ్లు" అని ఇంటికెళ్లాడు. అలా ఇవ్వడం రూలుకి విరుద్ధం. పండక్కి రూలేమిటిలే అనుకున్నాడు.

మర్నాడు పొద్దున జగన్మోహన్ భార్య రేణు ప్యాకెట్ తెచ్చి ఇచ్చింది. "చూడండి అన్నయ్యగారూ, ఈసారి గరిక ఎంత లేతగా ఉందో! మీ పుణ్యమే."

పూజలో కూర్చుని, రబ్బరు బ్యాండు తీసి, పోచల్ని పళ్లెంలో విడదీసేసరికి రాజగోపాల్ చెయ్యి ఆగింది. సన్నటి ఆకు, ముదురు రంగు. ఇది గట్టు మీది గరిక కాదు.

"ఏవండీ, కానివ్వండి. ఉండ్రాళ్లు చల్లారిపోతున్నాయి. మళ్లీ మీకు మ్యాచ్ ఉందిగా" అంది మీనాక్షి.

ఏ ప్రాక్టీస్ మైదానం అంచునో కోసి ఉంటారులే అనుకుని, తన పచ్చికని తనే దేవుడికి సమర్పించాడు. రెండింటికి స్టేడియం చేరేసరికి గీతలు వేసేవాళ్లు తొందరపెడుతున్నారు. గోల్ లైన్ పచ్చగానే కనపడింది. ఎవరో నీళ్లు చల్లి, అదిమి, శుభ్రంగా సర్ది పెట్టారు. స్క్రూడ్రైవర్ జేబులోనే ఉంది. వంగి గుచ్చలేదు. జగన్మోహన్ చేసిన పనికన్నా తను వంగకపోవడమే తర్వాతి పదకొండేళ్లూ అతన్ని ఎక్కువ తొలిచింది.

ఆట రెండో భాగంలో ఒక కుర్రాడు పరిగెత్తుతూ అక్కడ కాలూని పక్కకి తిరిగాడు. కాలి కింది గడ్డి చాప, నున్నటి గచ్చు మీది తివాచీలా జరిగింది. మోకాలు మెలితిరిగింది. ఆ పిల్లాడికి ఆపరేషన్ అయింది, తర్వాత బాగానే నడిచాడు గానీ మళ్లీ ఆడలేదు. జనం వెళ్లాక రాజగోపాల్ ఆ చాప ఎత్తి చూశాడు. తెల్లటి పిల్లవేళ్లు తెగి ఉన్నాయి. మట్టిలో ఒక రబ్బరు బ్యాండు.

ఆదివారం ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో జగన్మోహన్ రాజగోపాల్ చేతులు పట్టుకున్నాడు. "అన్నా, గట్టంతా ఎండిపోయింది. నూట ఎనిమిది ఇళ్లు. లోపల కొంచెం కోస్తే ఏమైతదిలే అనుకున్న. పీకితే దుబ్బుతో సహా లేచొచ్చింది. మళ్లీ పెట్టేసిన. నా గ్రీన్ కార్డ్ లాస్ట్ స్టేజ్‌లో ఉంది, పోలీస్ రిపోర్ట్‌లో ఒక్క లైన్ పడితే ఖతం. కమిటీలో నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావయ్యా?"

"నీ జాబ్‌కి ఏం కాకుండా."

తాళం చెవి ఇచ్చింది తనే గనక రాజగోపాల్ కూడా నోరు కుట్టుకున్నాడు. జగన్మోహన్ మాట నిలబెట్టుకున్నాడు. ఉద్యోగం నిలిచింది. గడ్డే పోయింది.

ఆ చలికాలం యంత్రాలొచ్చి స్టేడియాన్నీ, పక్కన ప్రాక్టీస్ మైదానాన్నీ గీకి పారేశాయి. లారీ కదిలే ముందు రాజగోపాల్ ఆ కుప్పలోంచి రెండు బుట్టల గడ్డి తీసుకుని, పంపు షెడ్డు వెనక రెండు మంచాలంత జాగాలో నాటుకున్నాడు. తర్వాత పదేళ్లూ అతని పని ప్లాస్టిక్ ఊడ్చడం. ఆ గడ్డిలో పోసే నల్ల రబ్బరు రవ్వ బూట్లలోకి, కార్లలోకి, మీనాక్షి వాషింగ్ మెషీన్లోకి చేరేది. ఆగస్టు మధ్యాహ్నం ప్లాస్టిక్ మీద థర్మామీటర్ పెడితే నూట అరవై ఫారన్‌హీట్ డిగ్రీలు చూపించేది. ఆటకి ముందు నీళ్లు కొట్టేవాడు. ఇరవై నిమిషాల్లో మళ్లీ కాలేది. స్క్రూడ్రైవర్ ఇంట్లో డ్రాయర్లోకి వెళ్లింది. చవితి గేటు మళ్లీ తెరవలేదు. జనం గరికని ఇండియన్ స్టోర్లో ప్లాస్టిక్ సంచుల్లో కొనుక్కోవడం నేర్చుకున్నారు.

2025కి ఆ ప్లాస్టిక్ అరిగి, అతుకులు విడిపోయాయి. స్టేడియంకి మళ్లీ ఏది వేయాలి, దాని పక్కనున్న ప్రాక్టీస్ మైదానానికి ఏది వేయాలి అని కమిటీ కూర్చోబోతోంది. రాజగోపాల్‌కి ఇంకో ఏడాదే సర్వీసు. షెడ్డు వెనక పెంచుకుంటున్న ఆ రెండు మంచాల పచ్చిక మళ్లీ మైదానంలోకి వెళ్తుందా, తనతో పాటే రిటైరవుతుందా అన్నదొక్కటే అతనికి మిగిలిన ప్రశ్న. గడ్డి వేద్దామని అతను నోరెత్తితే ఎవరో ఒకరు పాత ఫైల్ తీస్తారు. అందులో ఆ రెండు మాటలున్నాయి.

చవితి ముందురోజు సాయంత్రం జగన్మోహన్ పంపు షెడ్డు దగ్గరికి వచ్చాడు. అప్పటికి సిటిజన్‌షిప్ వచ్చి అయిదేళ్లు. జుట్టు పల్చబడింది, కమిటీలో మాత్రం ఇంకా ఉన్నాడు. కూతురు రియా సాకర్ ఆడుతూ ప్లాస్టిక్ మీద జారితే తొడ మీద చర్మం జానెడు లేచిపోయిందట.

"అన్నా, ఈసారి నా ఓట్ గ్రాస్‌కే."

రాజగోపాల్ తోపుడు మెషీన్‌తో పచ్చిక కోస్తున్నాడు. ఆపలేదు. "వచ్చే ఏడు సాకర్ వరల్డ్ కప్‌కి డాలస్ దగ్గర పెద్ద స్టేడియంలో ప్లాస్టిక్ మీద నిజం గడ్డి పరుస్తారట, చదివావా? పైదేశాల ఆటగాళ్ల మోకాళ్లు ఖరీదైనవి కదా. మన పిల్లలవి ఇంట్లోవేగా, ఊరికే వచ్చినవి."

"అందుకే అంటున్న అన్నా, సపోర్ట్ చేస్తా."

"నీ ఓటు ఒక్కటి నేనేం చేసుకోను? ఆ గడ్డి ఎందుకు జారిందో చెప్పు. ఆవిడ పదకొండేళ్ల కింద అడిగింది. ఇంకా ఎవరూ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్తే అందరూ ఏమనుకుంటరు? రియా స్కూల్... గుడిలో నేను ప్రెసిడెంట్..."

"తాళం చెవి నేనిచ్చానని కూడా చెప్పు. నేను గుచ్చి చూడలేదని కూడా. నాకేం మిగల్చొద్దు."

జగన్మోహన్ పచ్చిక మీద అడుగు పెట్టకుండా, చుట్టూ తిరిగి వెళ్లిపోయాడు.

సెప్టెంబర్ మీటింగ్‌లో అనుకున్నట్టే ఒకాయన పాత ఫైల్ తీసి "నిర్వహణ లోపం" అని చదివాడు. జగన్మోహన్ లేచాడు. ఈసారి కాగితాల వైపు చూడలేదు. అంతా చెప్పాడు: గుడి, నూట ఎనిమిది ప్యాకెట్లు, తాడు దాటడం, పీకింది మళ్లీ అదమడం, నోరు మూసుకోవడం.

"పూజ కోసం మా గోల్ లైన్ పీకారా?" అని పాత కోచ్ ఒకాయన నోరు తెరిచాడు.

"అవును సార్. మా దేవుడికి ఆ గడ్డంటే ఇష్టం."

"రాజ్ పెంచిన గడ్డి. దేవుడికి ఇష్టం కాకపోతేనే ఆశ్చర్యం" అన్నాడు కోచ్. కొందరు నవ్వారు. జగన్మోహన్‌కి నవ్వు రాలేదు, వెనక్కి తడుముకుని కుర్చీలో కూర్చున్నాడు. తర్వాత రాజగోపాల్ లేచి, ఆ తాళం చెవి ఇచ్చింది తనేనని, మ్యాచ్ ముందు గుచ్చి చూడనిది తనేనని చెప్పి కూర్చున్నాడు.

నిజం చెప్తే లోకం మారిపోతుందని చిన్నప్పుడు నమ్ముతాం. స్టేడియంకి మళ్లీ ప్లాస్టిక్కే వచ్చింది. మూడు స్కూళ్లు ఆడాలి, బ్యాండు వాళ్లు కవాతు చేయాలి, అంత తొక్కుడు గడ్డి తట్టుకోదన్నారు. అందులో అబద్ధం లేదని రాజగోపాల్‌కీ తెలుసు. ప్రాక్టీస్ మైదానానికి మాత్రం గడ్డి అన్నారు. రికార్డులో ఆ రెండు మాటలు కొట్టేసి, జరిగింది జరిగినట్టు రాశారు. ఇంటికొచ్చి రాజగోపాల్ డ్రాయర్ లాగితే, "ఏం వెతుకుతున్నారండీ?" అంది మీనాక్షి. అతను పసుప్పచ్చ పిడి చూపించాడు. "బాగానే ఉంది. తుప్పు పట్టలేదు" అందామె.

2026 మే నెలలో షెడ్డు వెనకది తవ్వి, ముక్కలు చేసి, ప్రాక్టీస్ మైదానం నడిమధ్య నాటారు. చాలని చోట అదే రకం బయటినుంచి తెప్పించారు. రిటైర్మెంట్ ఇంకో నెల ఉంది. రాజగోపాల్ మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు అదుముతుంటే జగన్మోహన్ వచ్చాడు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో బ్యాడ్జీ ఉంది. చుట్టూ కట్టిన తాడు దగ్గర ఆగిపోయాడు.

"లోపలికి రావచ్చా అన్నా? నేనూ ఓ చెయ్యి వేస్తా."

"వద్దు."

జగన్మోహన్ అక్కడే నిలబడ్డాడు. ఎండగా ఉంది. స్ప్రింక్లర్ ఒక చుట్టు తిరిగి అతని ప్యాంటు తడిపింది. కదల్లేదు. రాజగోపాల్ వరస పూర్తి చేసి, స్క్రూడ్రైవర్ నేలలో గుచ్చాడు. పిడి దాకా దిగింది. దాన్ని ఊతగా పట్టుకుని లేచి, తాడు దగ్గరికొచ్చి, మట్టి చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"ఈసారి చవితి సెప్టెంబర్‌లో వచ్చింది, అప్పటికి వేళ్లు దిగుతాయి" అన్నాడు. "నేను రిటైరైనా ముందురోజు వచ్చి గేటు నేనే తీయిస్తా. రేణుని కూడా తీసుకురా. గట్టు మీదే కోసుకోండి. తాళం చెవి మాత్రం నీకివ్వనోయ్."