తల్లమ్మ పోసిన తడి

రావికమతం దగ్గరి మెట్ట ఊళ్ళలో సత్తియ్య అంత నిలకడ లేని మనిషి ఇంకొకడు లేడు. అన్నం తింటూ మధ్యలో లేచి ఎడ్లను చూసొచ్చే రకం. అలాంటివాణ్ని పోయి పోయి కాపలా పెట్టారు!

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి వేసవిలో, అనకాపల్లి నుంచి వ్యవసాయశాఖ త్రినాధరావు గారు బండి కట్టించుకుని వచ్చారు. సత్తియ్య పొలంలో ఇనప చట్రం దిగ్గొట్టించి, నిండా నీళ్ళు పోయించారు. అవి ఇంకాక, ఎండ తగలకుండా పైన గడ్డి కప్పించారు.

"ఎల్లుండి మట్టి తీసి తూస్తాను. నేలలో తడి నిలిస్తే ఈ మెట్టంతా సర్కారే గట్లు వేయిస్తుంది. ఎవర్నీ ముట్టుకోనివ్వకు," అని చెప్పి వెళ్ళారు.

ఏటా తొలి వానకే సత్తియ్య పైమట్టీ విత్తనమూ కొట్టుకుపోతున్నాయి. గట్టు పడితే పిల్లలు కడుపునిండా తింటారు. ఆ ఆశే అతన్ని కుదురుగా కూర్చోనివ్వలేదు. లేచేవాడు, చుట్టూ తిరిగేవాడు, గడ్డి ఎత్తబోయి చెయ్యి వెనక్కి లాక్కునేవాడు. మర్నాడు ఇక పట్టలేక, ఎడ్ల వంకతో ఇంటికి పోయొచ్చాడు.

తిరిగొచ్చేసరికి పక్కింటి తల్లమ్మ ఆ గడ్డి మీద బిందె వంచుతోంది.

"ఏటి సేత్తన్నావొదినా!"

"మిరప నారు ఎండిపోతంది గదా! రెండు దోసిళ్ళు పోసేను. తప్పేటి?"

ఆమె తప్పేం లేదు. ఆ ఊళ్ళో గడ్డి కప్పి ఉందంటే నారుమడే. నీళ్ళు మోసుకొచ్చే ఆడది దాన్ని తడపకుండా దాటితే పాపమంటారు.

మర్నాడు త్రినాధరావు గారు మట్టి తవ్వి, పిడికిట్లో పిసికి, తూయడానికి డబ్బాలో వేసుకుని, "భేష్! తడి బాగా పట్టిందయ్యా," అన్నారు.

సత్తియ్య గుండె గంతులేసింది. నోరు మూసుకుంటే చాలు, గట్టు పడ్డట్టే. కానీ కాళ్ళు ఆగనివాడికి నోరు ఆగుతుందా?

"ఆ తడి మా వదిన పోసింది బాబూ. నాను కాపలా ఒగ్గీసి ఎల్లేను. నేల పట్టని నీళ్ళకి గట్టేత్తే రేపు ఊరంతా నన్నే తిడతాది."

ఆయన డబ్బాలోని మట్టి పారబోశారు. "వచ్చే వేసవికి చూద్దాంలే," అని బండెక్కారు.

ఆ పూటే సత్తియ్య పార పట్టి తానే గట్టు మొదలెట్టాడు. తల్లమ్మ తట్టలు మోసింది. తొలి వాన వచ్చేనాటికి సగం పొలానికే గట్టు పడింది. తక్కిన సగం ఎర్రగా పారి, పొంగుతున్న గెడ్డ నీళ్ళలో కలిసిపోయింది. సత్తియ్య వానలో నిలబడి పసివాడిలా ఏడ్చాడు.

"సెప్పకుండా ఉంటే బాగుణ్ణొదినా," అన్నాడు.