తలస్నానం లెక్క

పొద్దున్నే ల్యాబు తలుపు తీయగానే స్పిరిట్ వాసన గుప్పుమంటుంది, రత్నకుమారి మేడం గుర్తొస్తారు. ఆవిడ పోయాక వన్ టౌన్‌లో, ఉల్లిపాయల గోడౌన్ పక్క మేడమీదున్న ఈ ల్యాబును నేనే చూసుకుంటున్నాను. ఆదివారం చర్చికి, మిగతా రోజులు మాలాంటివాళ్ళ తరఫున యుద్ధానికి వెళ్ళే మనిషి ఆవిడ.

పెళ్ళయిన మూడేళ్ళకి మా అత్తగారు నన్నిక్కడికి తీసుకొచ్చింది. నాకు అండం విడుదలవుతోందో లేదో తేల్చే రక్తపరీక్ష. నెలసరి ఇరవై ఒకటో రోజున చేయించమన్నారు డాక్టరు. రిపోర్టు కోసం మళ్ళీ వెళ్తే ప్రొజెస్టెరాన్ హార్మోను మరీ తక్కువుందన్నారు.

"చెప్పానా, గొడ్రాలని! మావాడికి అవనిగడ్డ సంబంధం ఖాయం చేసేస్తా" అంది అత్తగారు, జనమంతా వింటుండగా. సిగ్గుతో చచ్చిపోయాను.

మేడం ఆ కాగితం ఆవిడ చేతికివ్వలేదు. "రోజులు ఎప్పట్నుంచి లెక్కపెట్టావమ్మా?" అని నన్నడిగారు.

"తలస్నానం నుంచేనండీ. మా ఇళ్ళల్లో అంతేగా" అని అత్తగారు అందుకుంది.

"మిమ్మల్ని కాదండీ. ఒళ్ళు ఆ అమ్మాయిది, తననే చెప్పనివ్వండి."

ఐదో రోజున తలంటుకున్నానని, రక్తమిచ్చిన మర్నాడే మళ్ళీ బయట చేరానని గొణిగాను. మేడం ముఖం ఎర్రబడింది. "లెక్క బయట చేరిన రోజు నుంచండీ, తలస్నానం నుంచి కాదు. అండం విడుదలయ్యాక ఓ వారానికి ఆ హార్మోను నిండుగా ఉంటుందండీ. కడుపు నిలవకపోతే నెలసరి ముందు దిగిపోతుంది. దిగిపోయాక కొలిపించి, పిల్లని గొడ్రాలంటారా? నోరెలా వచ్చిందండీ మీకు?"

మరుసటి నెల ఆవిడ చెప్పిన రోజున ఒక్కదాన్నే వెళ్ళాను. రిపోర్టు నాకే ఇచ్చారు. "బ్రహ్మాండంగా ఉంది. ఇక మీ ఆయన్ని పంపించు. మగాళ్ళకీ పరీక్షలుంటాయి."

ఆయన రాలేదు. "మగాడికి పరీక్షేంటే, నలుగురూ నవ్వరూ?" అన్నాడు. అవనిగడ్డ మాట మాత్రం ఆగలేదు. తప్పు నాది కాదని తెలిశాక ఆ ఇంట్లో ముద్ద దిగలేదు నాకు. బట్టలు సర్దుకుని నేరుగా మేడం దగ్గరికే వచ్చేశాను.

"ఏడుస్తావా, పనిచేస్తావా?" అన్నారు.

"రెండూ చేస్తానండీ."

ఆవిడ పకపకా నవ్వి, ఆ మధ్యాహ్నమే నన్ను కౌంటర్‌లో కూర్చోబెట్టారు. అత్తలెవరైనా రిపోర్టుకి చెయ్యి చాపితే ఇవ్వకపోవడం నా మొదటి పాఠం. ఎన్ని తిట్లు తిన్నానో! ఒక్కటీ అరక్కుండా పోలేదు.

పెళ్ళిళ్ళలో ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు, పిల్లలెంతమందని. లేరంటాను. అంతటితో ఊరుకోరుగా! "అయ్యో, లోపం ఎవరిదమ్మా?" అని దగ్గరికి జరుగుతారు.

"అడిగేవాళ్ళదండీ" అంటాను.