మహలక్ష్మిని నేనే పడుకోబెట్టేను

తెరచాప బోటు నడపడం నేర్పేవాళ్లు బోల్డుమంది దొరుకుతారండీ. చక్కగా నడుస్తున్న బోటుని పట్టపగలు, దిండి రేవు నిండా జనం చూస్తుండగా, గోదావరిలో పక్కకి ఒరిగించి పడుకోబెట్టడం నేర్చుకోవాలంటే మాత్రం నా దగ్గరికే రావాలి. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు కోనసీమలో లేరు. ఇది నేను సిగ్గుపడుతూ చెప్పడం లేదు, గమనించండి.

నాది పలివెల. పెళ్లయ్యేదాకా నాకు నీళ్లంటే పంటకాలవే. అత్తారింటికి వచ్చేసరికి మా మామయ్యగారు ఓడల్లో ఇంజనీరు ఉద్యోగం చేసి రిటైరై, ఊరందరిచేతా చీఫ్‌గారు అనిపించుకుంటూ, ఒక పాత తెరచాప బోటుని కన్నకూతురిలా చూసుకుంటున్నారు. దాని పేరు మహలక్ష్మి. నాకంటే పదేళ్లు పెద్దది. లోపల నలుగురు పడుకోవచ్చు, వంట చేసుకోవచ్చు, వారం రోజులు ఒడ్డు మొహం చూడకుండా తిరగొచ్చు. దాని ఫైబరు గోడలున్నంత మందం మా పుట్టింటి గోడలకి కూడా లేదు.

పక్క రిసార్టు మేనేజరు ప్రసాద్‌గారికి రెండు కొత్త బోట్లున్నాయి. అప్పడాల్లా పల్చగా, పెళ్లికొడుకుల్లా తళతళలాడుతూ ఉంటాయి. ఓ రోజు ఆయన రేవులో మామయ్యగారిని పట్టుకున్నారు.

"చీఫ్‌గారూ, ఏమనుకోకండి. ఈ ముసల్దాన్ని ఇంకా ఎన్నాళ్లు నీళ్లలో ఉంచుతారండీ? గట్టెక్కించేరంటే అందులో మట్టి పోసి బంతిమొక్కలు పెట్టుకుంటాం."

"ఆయ్, చూద్దామండీ," అన్నారు మామయ్యగారు. ఆయన మర్యాద అలాంటిది. నా మర్యాద మాత్రం పలివెలలో బస్సెక్కడం మర్చిపోయింది.

"చూడ్డం ఎందుకండీ? పందెం పెట్టండి!" అన్నాను. "ఆదివారం ఇక్కణ్ణుంచి ఎదుటి లంక చుట్టి రావాలి. మా మహలక్ష్మి ఓడితే రేవు ఖాళీ చేసేస్తాం. గెలిస్తే మీరు జన్మలో దాన్ని ముసల్ది అనకూడదు."

"మాట మీద ఉంటారా మేడంగారూ?"

"పలివెలవాళ్లమండీ!"

మామయ్యగారు నావైపు చూసేరు. కోపం కాదు. వంటగదిలో గ్యాసు వాసన వస్తే ఎలా చూస్తామో, అలాగ.

నా బుర్రకి శనివారం మధ్యాహ్నం ఒక వెలుగు తగిలింది. మహలక్ష్మి నిదానానికి కారణం బరువు. బరువు తగ్గిస్తే పరిగెడుతుంది. ఇంత చిన్న సంగతి ఓడల్లో ముప్ఫయ్యేళ్లు తిరిగిన మనిషికి తట్టలేదేమిటా అని జాలిపడ్డాను కూడా. ఆయన తాళ్లు కొనడానికి రాజోలు వెళ్లగానే బోటులో దూరేను. స్టవ్వు, గిన్నెలు, పరుపులు, మంచినీళ్ల డబ్బాలు అన్నీ గట్టుకి చేరవేసేను. చివరికి అడుగు చెక్క ఎత్తి చూద్దును కదా, వరసగా పన్నెండు సీసం దిమ్మలు! ఒక్కోటీ ఎత్తితే నడుం కలుక్కుమంటోంది.

"ఆడపిల్ల పరిగెత్తలేదంటే ఎందుకు పరిగెడుతుందండీ, ఒళ్లో ఇంత సీసం పెట్టుకుని?" అని బోటు తరఫున ఏడ్చినంత పని చేసేను. ఆటో పిలిచి రెండు విడతల్లో దిమ్మలన్నీ ఇంటికి తోలించేను.

"ఎక్కడివమ్మా ఇవి?" అనడిగేరు అత్తయ్యగారు.

"బోటులో ఊరికే పడున్నాయండీ."

"మంచిదే. ధాన్యం మీద కప్పిన బరకం గాలికి ఎగిరిపోతోంది," అని ఆవిడ నాలుగు మూలలా పెట్టించేసుకున్నారు.

ఆదివారం గాలి తేలిగ్గా ఉంది. మామయ్యగారు చుక్కాని దగ్గర, నేను తాళ్ల దగ్గర. జెండా ఊపేరో లేదో మహలక్ష్మి లేగదూడలా దూకింది. ప్రసాద్‌గారి బోటు వెనకబడిపోయింది. గట్టుమీద ఈలలు.

"ఇదేంటమ్మాయ్, ఇంత తేలిపోతోంది?" అన్నారు మామయ్యగారు.

"పట్టుదలండీ!" అన్నాను.

లంక మలుపు తిరిగేం. అక్కడ కొబ్బరిచెట్ల చాటు పోయి, సముద్రంవైపు గాలి నిండుగా వచ్చి తెరచాపలో పడింది. బోటు ఒరిగింది. ఇంకా ఒరిగింది. ఒరగడం ఆపేసే ఉద్దేశం దానికి ఉన్నట్టు కనపడలేదు.

"అమ్మాయ్! ఏం తీసేవు దీంట్లోంచి?"

"స్టవ్వండీ!"

"ఇంకా?"

"పరుపులండీ!"

"ఇంకా ఏం తీసేవమ్మా?"

"అడుగున ఏవో పాత సీసం దిమ్మలండీ..."

"ఓరి నాయనోయ్! బోటుని నిలబెట్టేవే అవి కదమ్మా!"

ఆ మాట పూర్తయ్యేసరికి తెరచాప నీళ్లమీద పరుచుకుంది, ఆయన కళ్లజోడు గోదారి పాలైంది, నేను లైఫ్‌జాకెట్లో గుమ్మడికాయలా తేలేను. దేవుడి దయవల్ల పక్కనే ఇసకమేట. బోటు నిండా నీళ్లతో దానిమీదికి వెళ్లి ఆగింది. ప్రసాద్‌గారు మనిషి మంచివాడే, పందెం వదిలేసి మాకోసం వచ్చేరు. కానీ నోరు ఊరుకోలేదు.

"ముసల్ది పడుకున్నట్టుందండీ!"

"పడుకోలేదండీ! నేను పడుకోబెట్టేను!" అని మోకాల్లోతు నీళ్లలో లేచి నిలబడి అరిచేను. "తప్పు నాది. దాన్ని ఒక్కమాట అనడానికి వీల్లేదు. కావాలంటే తట్టి చూడండి!"

ఆయన నిజంగానే తట్టి చూసేరు. ముందునుంచి వెనక్కి, వెనకనుంచి ముందుకి. అంత పడి, మేటకి గుద్దుకున్నా వెంట్రుకంత పగులు లేదు. తెరచాప కట్టే స్తంభం కూడా ఉన్నచోటే ఉంది.

"ఇలాంటిది ఇప్పుడెవరూ కట్టరండీ," అన్నారాయన, గొంతు తగ్గించి.

"అయితే వచ్చే ఆదివారం మళ్లీ పందెం!" అన్నాను.

మామయ్యగారు నీళ్లు పిండుకుంటూ, "ఆయ్, మళ్లీనండీ," అన్నారు. ఆ మనిషి నన్ను తిడతారని చూస్తున్న నాకు కళ్లు చెమర్చేయి. గోదారి నీళ్లేనని సర్దిచెప్పుకున్నాను.

వారం తిరిగేసరికి గాలి ఉధృతంగా ఉంది. "పన్నెండూ పెట్టేవా?" అనడిగేరు. "పన్నెండూ ఉన్నాయండీ," అన్నాను. ప్రసాద్‌గారి బోటు సగం దారిలోనే ఎగిరెగిరి పడి తెరచాప సగానికి దింపుకుంది. మహలక్ష్మి నిండు తెరచాపతో, ఎవరినీ లెక్కచెయ్యకుండా, అలల్ని దున్నుకుంటూ వచ్చి రేవు చేరింది. చప్పట్లే చప్పట్లు. ప్రసాద్‌గారు వెనకాలే వచ్చి, "మహలక్ష్మిగారు గెలిచేరండీ," అన్నారు. గారు తగిలించేరు, విన్నారా!

సరిగ్గా అప్పుడు జనాన్ని తోసుకుంటూ అత్తయ్యగారు వచ్చేరు.

"గెలిస్తే గెలిచేరు గానీ, అమ్మాయ్, నా రుబ్బురోలు పొత్రం ఎక్కడుందే?"

ఏం చెప్పనండీ? ఎంత వెతికినా దిమ్మలు పదకొండే దొరికేయి మరి!

మామయ్యగారు కిందికి దిగి, అడుగు చెక్క ఎత్తి, తడి పొత్రాన్ని పసిబిడ్డలా ఎత్తుకుని పైకి వచ్చేరు. రేవు రేవంతా నవ్వు. గోదారిమాత సాక్షిగా అప్పుడే ఒట్టేసుకున్నాను: పెద్దవయసు బోటులోంచి, అడక్కుండా, గరిటె కూడా తియ్యను. పెట్టడం సంగతి మాత్రం నన్నెవరూ అడగలేదు, నేనూ ఒట్టెయ్యలేదు.