రేవుకి రానివ్వని పడవ

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో అమెరికా వన్యప్రాణి శాఖవాళ్లు నన్ను ఉత్తరాన బేరింగ్ సముద్రం మధ్యనున్న ప్రిబిలాఫ్ దీవుల్లో ఒకదానికి బయాలజిస్టుగా వేశారు. రిటైరయ్యే ముందు అదే నా చివరి పోస్టింగ్. చెట్టన్నది లేని దీవి. ఒడ్డున బొచ్చు సీళ్లు, కొండచరియల నిండా లక్షల సముద్రపక్షులు, ఒక చిన్న ఊరు.

నా పని పక్షుల్ని లెక్కపెట్టడమని అందరూ అనుకునేవారు. అసలు పని ఎలుకల్ని రానివ్వకపోవడం. అక్కడ ఎలుకల్లేవు. రాళ్ల సందుల్లో గుడ్లు పెట్టే ఆ పక్షులకు ఎలుకను ఎదుర్కోవడం తెలియదు. కడుపుతో ఉన్న ఒక్క ఎలుక దిగినా కొన్నేళ్లలో గూళ్లు ఖాళీ అవుతాయి. అందుకే ప్రతి పడవనూ రేవుకి రాకముందే తనిఖీ చేస్తాం. తనిఖీ అధికారిగా నేను సంతకం పెడితేనే, కట్టుతాళ్లకు ఎలుక పాకకుండా గుండ్రటి రేకులు తొడిగి, సరుకు దించనిస్తాం.

ఆగస్టులో సరుకుల పడవ వచ్చింది. తుఫాన్ల వల్ల అది బాగా ఆలస్యమవడంతో ఊళ్లో ఉన్న ఒక్క దుకాణంలో అరలు బోసిపోయాయి. రేవు అధికారి వెరాతో కలిసి నేను పడవెక్కాను. కింది గదిలో ఒక పిండిబస్తా మూల కొరికి ఉంది. పక్కనే పెంటికలు. అవి పాతవని, గోదాములోనే కొరికి ఉంటాయని కెప్టెన్ అన్నాడు. కావచ్చు. నేను సంతకం పెట్టలేదు. దూరంగా లంగరు వేయించి బోనులు పెట్టించాను.

సియాటిల్ నుంచి సరుకు రవాణా కంపెనీ మేనేజర్ ఫోన్ చేశాడు. తెలుగువాడే.

“మేడమ్, మీరూ మనోళ్లే కదా. వెదర్ మళ్లీ బ్యాడ్ అయ్యేలా ఉంది. ఈ ఒక్కసారి అడ్జస్ట్ చేయండి, రిటర్న్‌లో ఫ్యుమిగేట్ చేయిస్తాం.”

“ఎలుకకి మనోళ్లూ బయటోళ్లూ ఉండరు బాబూ,” అన్నాను.

తర్వాత యాంకరేజ్ నుంచి మా సూపర్‌వైజర్. రేకులు తొడిగి దించుకోనివ్వమన్నాడు. అది ఆదేశమైతే ఆయన్నే సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు.

రేవు ఊరివాళ్ల మండలిది. వాళ్లు కాదంటే నా మాట చెల్లదు. సాయంత్రం కమ్యూనిటీ హాల్లో కూర్చున్నాం. చంటిబిడ్డతో వచ్చిన ఒకావిడ పాలపొడి సంగతేమిటని అడిగింది. విమానంలో తెప్పిస్తానన్నాను. పొగమంచులో విమానం దిగదని గుర్తుచేసింది. నిజమే. నాకు భయం వేసింది. అయినా మాట మార్చలేదు.

అప్పుడు వెరా లేచింది. ఆమె ఉనాంగన్ అనే ఆదివాసీ జాతి మనిషి, అరవై దాటాయి. సీళ్లను వేటాడించడానికి ఆమె పూర్వీకుల్ని రష్యన్లు ఆ దీవికి తెచ్చారు. తర్వాత అమెరికా ప్రభుత్వం అదే పని చేయించుకుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఊరు మొత్తాన్ని ఓడెక్కించి దూరపు శిబిరాల్లో పెట్టింది. చాలామంది తిరిగి రాలేదు. ఇదంతా క్లుప్తంగా చెప్పి ఆమె అంది: “ఈ దీవికి ఏం రావాలో ఏం రాకూడదో మనల్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు. ఈవిడ అడుగుతోంది. నేను ఆ పడవ వద్దంటున్నాను.”

చేతులు లేచాయి. అందరివీ కాదు. ఆ తల్లి చెయ్యెత్తలేదు.

మర్నాటి నుంచి పడవలున్నవాళ్లు హాలిబట్ చేపలు పట్టి ఇంటింటికీ పంచారు. అంతవరకు మాంసం ముట్టని నేను వెరా ఇంట్లో సీలు మాంసం పులుసు తిన్నాను. ముదురు రంగు, చేపవాసన. రెండోసారి కూడా వడ్డించుకున్నాను. పొగమంచు విడిచాక విమానంలో పాలపొడి వచ్చింది. నేనే తీసుకెళ్లి ఆ తల్లికి ఇచ్చాను. ఆవిడ తీసుకుని తలుపు వేసుకుంది.

బోనుల్లో ఎలుక పడలేదు. పడవ సరుకుతోనే వెనక్కి వెళ్లింది. వేరే పడవ వచ్చేసరికి వేసవి దాటిపోయింది. ఆ ఏడాది నా పనితీరు నివేదికలో ‘అనవసరపు పట్టుదల’ అని రాశారు. రావలసిన గ్రేడు రాలేదు. జవాబు రాసేచోట ఒకటే వాక్యం రాశాను: అలాంటి బస్తా మళ్లీ కనిపిస్తే మళ్లీ ఇదే చేస్తాను.

ఇప్పుడు రిటైరై ఉంటున్న శాన్ రామన్‌లో ఈ సంగతి విన్నవాళ్లు, ఇంతకీ ఎలుక ఉందా అని అడుగుతారు. తెలియదంటాను. ప్రమాదాన్ని ముందే ఆపే ఉద్యోగంలో మనది ఒప్పని తేల్చే రుజువు దొరకదు. దొరికిందంటే అప్పటికే మనం ఓడిపోయామన్నమాట.