మొహం కాస్త పైకెత్తండి

క్లారిటీ బాబాయికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి. తన కొట్టులో కెమెరా బొమ్మ క్లియర్‌గా రావాలి. వచ్చింది కదా అంటే కుదరదు, ఇంకా క్లియర్‌గా రావాలి. పోనీ అదేమన్నా నగల దుకాణమా అంటే సబ్బులు, గుడ్లు, బల్బులు, చీపుళ్లు అమ్ముకునే కొట్టు. ఇద్దరు కాస్త ఒళ్లున్న మనుషులు లోపలికొస్తే మూడోవాడు గుమ్మం బయట నిలబడాల్సిందే. ఆ మాత్రం దానికి మూడు కెమెరాలు! ఈ పిచ్చి ముదిరాక బాబాయి అసలు పేరేమిటో కూడా జనం మర్చిపోయారు.

ఆ కెమెరాలు బిగించిన పాపానికి మెకానిక్ పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు. పొట్టా, బట్టతలా, ఇద్దరు పిల్లలూ ఉన్న సంసారి పాపం. పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే ఫోను మోగేది. పెళ్లాం నవ్వు ఆపుకుంటూ తెచ్చి అందించేది, "మీ బాబాయ్" అని.

"అబ్బాయ్, క్లారిటీ లేదయ్యా!"

"నిన్న సాయంత్రమేగా బాబాయ్ అద్దాలు తుడిచి వెళ్లాను?"

"తుడిచావు, కాదనను. మొహాలు మాత్రం కనిపించట్లేదు."

మొదట దొరికింది సాలీడు. కెమెరా మూతి మీదే గూడు కట్టుకుని కాపురం పెట్టింది. దాన్ని దులిపేశాక ఎండ వచ్చిపడింది. గుమ్మంలోంచి వెలుగు తన్నుకొస్తుంటే లోపలికొచ్చినవాళ్లంతా నల్లటి నీడలయ్యారు. మెకానిక్ కెమెరాను పక్క గోడకు మార్చి, గుమ్మానికి తెర కట్టించి, లోపల పెద్ద దీపం పెట్టమన్నాడు. బాబాయి ఒకటి చెబితే నాలుగు చేసే రకం. నాలుగు దీపాలు పెట్టి, గోడలకు తెల్ల సున్నం కొట్టించాడు. ఆ వెలుగు చూసి ఒక పెద్దాయన కంగారుపడి, "ఆపరేషన్ ఎవరికండీ?" అని అడిగాడట.

అంతటితో ఆగితే బాగుండేది. బాబాయి నేల మీద ఎర్ర టేపుతో ఒక గుర్తు అంటించాడు. ఎవరొచ్చినా ముందు దాని మీద నిలబడాలి.

"మొహం కాస్త పైకెత్తండి. ఆఁ, అలాగే. ఇప్పుడు ఒక్కసారి నవ్వండి."

"అగ్గిపెట్టెకి నవ్వడం దేనికండీ?"

"క్లారిటీ కోసం!"

అప్పుడే పైకప్పు మీద ధబధబమని చప్పుడు. బాబాయి ఉలిక్కిపడి, "కాస్త ఎడమకి జరగండి, బాబ్బాబు" అనేవాడు.

"పైన ఏంటి బాబాయ్ ఆ చప్పుడు?" అని మెకానిక్ అడిగితే, "పిల్లి" అనేవాడు.

"పిల్లికి అంత బరువా?"

"బాగా తింటుందిలే" అంటూ సీసాలోంచి ఒక క్రీము బిస్కెట్టు తీసి నోట్లో వేసుకునేవాడు. తీపి ముట్టుకోవద్దని డాక్టరు మొత్తుకున్నాడు. అయినా ఆ చెయ్యి సీసాను వదిలితే కదా!

"ఉండండి, పిన్నికి చెబుతాను."

"మీ పిన్ని చెల్లెలింటికి వెళ్లిందిగా. వచ్చాక చెప్పుకో."

ఆ పిన్ని ఉన్న రోజుల్లో కొట్టు తీరే వేరు. గల్లా ముందు ఆవిడే కూర్చునేది. ఎవరి పిల్లాడికి జలుబు చేసింది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ ఆవిడకి కావాలి. సబ్బు కొనడానికి వచ్చినవాళ్లు కష్టసుఖాలన్నీ చెప్పుకుని, సబ్బు మర్చిపోయి వెళ్లేవాళ్లు. వానాకాలం మొదట్లో చెల్లెలింటికని వెళ్లిందట, ఇంతవరకూ రాలేదు. ఇప్పుడేమో కొట్టుకెళితే ఈ ఫొటో స్టూడియో గొడవ. వీధి జనానికి ఒళ్లు మండింది.

ముందు బయటపడింది టీచరమ్మ. గుర్తు మీద నిలబెట్టి నవ్వమనేసరికి ఆవిడ సంచీ గల్లా మీద ధన్‌మని పెట్టేసింది.

"ఏమయ్యా, ఇన్నేళ్లుగా నీ కొట్టుకే వస్తున్నానే! నేను దొంగలా కనిపిస్తున్నానా నీకు?"

"అయ్యయ్యో, అది కాదు టీచరమ్మా..."

"ఇంక నీ గడప తొక్కితే అడుగు!" అని కోపంలో సంచీ కూడా మర్చిపోయి వెళ్లిపోయింది. ఆవిడ వెనకే ఒకరొకరుగా అందరూ మలుపులో ఉన్న పెద్ద దుకాణానికి మళ్లారు. కొట్టులో దీపాలున్నాయి, ఎర్ర గుర్తుంది, నిలబడేవాళ్లే లేరు. ఇలాగే సాగితే కొట్టుకి తాళమే గతి.

మెకానిక్ కొంప కూడా మునిగేలా ఉంది. నాలుగంతస్తుల బట్టల షాపుకి కెమెరాలు పెట్టే పని చేతి దాకా వచ్చింది. ఆ షాపాయన తాపీగా, "ముందు ఆ చిన్న కొట్టులో బొమ్మ కనిపించేట్టు చెయ్యవయ్యా, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. ఇవాళ అటో ఇటో తేల్చుకోవాలని మధ్యాహ్నం కొట్టుకి బయల్దేరాడు.

వెళ్లేసరికి అక్కడ ఇంకో గొడవ. నూనె డబ్బా ఎవరో ఎత్తుకుపోయారు! మెకానిక్‌కి లోలోపల సంతోషమేసింది. దొంగ దొరికితే తన కెమెరాల సత్తా వీధంతా తెలుస్తుంది. గబగబా రికార్డింగు వెనక్కి తిప్పి చూశాడు. తెర మీద మనుషుల కనురెప్పలు లెక్కపెట్టుకోవచ్చు. నూనె డబ్బాలు మాత్రం ఎక్కడా లేవు. మూడు కెమెరాలూ ఎర్ర గుర్తు వైపే చూస్తున్నాయి. ఒకదానిలో ఓ మూల బాబాయీ, బిస్కెట్ల సీసా పడ్డారు. దొంగగారి మోచెయ్యి ఒక్క క్షణం మెరిసి మాయమైంది.

"నేను పెట్టింది ఇలా కాదే! సరుకు వైపు ఒక్కటీ లేదేంటి బాబాయ్?"

"నేనే తిప్పానయ్యా. సరుకు మొహం ఎవరు చూస్తారు?"

"మరి నూనె డబ్బా?"

"పోతే పోయిందిలే. నువ్వు క్లారిటీ సంగతి చూడు."

మెకానిక్ ఓపిక నశించింది. "ఈగ వాలితే దాని కాళ్లు కూడా కనిపిస్తున్నాయి! ఇంకా ఎక్కడ లేదు బాబాయ్ మీకు క్లారిటీ?"

"ఇక్కడ బాగానే ఉందయ్యా, పైన..." అని బాబాయి నాలిక్కరుచుకున్నాడు.

పైనుంచి ధబధబమని చప్పుడు. మెకానిక్ ఇంక ఆగలేదు. వెనక గదిలోని మెట్లెక్కేశాడు. "ఆగవయ్యా, ఎవరికీ చెప్పనని ఒట్టేశాను!" అంటూ బాబాయి రొప్పుకుంటూ వెనకే వచ్చాడు.

పైన మంచం మీద పిన్ని! కాలికి పెద్ద కట్టు, చేతిలో నేలకేసి బాదే కర్ర, ఎదురుగా టీవీ. టీవీలో కింది కొట్టే. కాకపోతే మనుషుల మొహాలుండాల్సిన చోట గళ్లు గళ్లుగా మసక.

"వచ్చావా నాయనా! టీచరమ్మ అంత విసురుగా ఎందుకెళ్లిందో చెప్పు. ఆవిడ ఏడ్చిందో నవ్విందో కూడా తెలిసి చావలేదు."

అటక మీద సరుకు తీయబోయి నిచ్చెన మీదనుంచి పడిందట. నయమయ్యేదాకా మెట్లు దిగొద్దన్నారు.

"మరి చెల్లెలింటికి అన్నారే?"

"నేనే అలా చెప్పమన్నాను. లేకపోతే ఊరంతా వచ్చి 'అయ్యో పాపం' అంటారు. నాకా అయ్యోలు పడవు."

బాబాయి గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. "పడ్డ కొత్తలో గోడవైపు తిరిగి పడుకునేదయ్యా. పలకదు, తినదు. నాకు భయమేసింది. కెమెరాలు పెట్టించి చూపిస్తే, 'ఆ గొడుగావిడ చిక్కిపోయిందేమండీ' అని అడిగింది. ఆ పూటే కడుపునిండా తింది."

మెకానిక్ టీవీ దగ్గరికెళ్లి ఆ గళ్లను చూశాడు. అంతలోనే చావుదెబ్బలాంటి సంగతి తట్టింది. కొట్టులోని తెరకు మంచి బొమ్మ, ఫోనులో చూస్తే తక్కువ రకం బొమ్మ వెళ్లేలా పెట్టింది తనే, నెట్ ఖర్చు కలిసొస్తుందని. బాబాయి అలాంటి ఫోనొకటి తెచ్చి పైన టీవీకి తగిలించాడు! ఇన్నాళ్ల తిప్పలూ ఇందుకు! ఫోను తీసుకుని నాలుగు చోట్ల నొక్కాడు. గళ్లన్నీ కరిగిపోయి కొట్టు కళకళలాడుతూ కనిపించింది.

సరిగ్గా అప్పుడే, ఆ రోజు మర్చిపోయిన సంచీ కోసం టీచరమ్మ కొట్టులోకొచ్చింది.

"ఓసి నీ... టీచరమ్మ పన్ను కట్టించుకుందే!" అని పిన్ని కేక పెట్టింది. ఆ కేకకి కింద టీచరమ్మ నోరు మూసుకుని పైకప్పు వంక చూసింది. ఒట్టు సంగతి ఇంక చెప్పాలా? మరుక్షణం ఆవిడ మెట్లెక్కి వచ్చేసింది. పిన్ని కట్టు చూసింది, టీవీ చూసింది, బాబాయిని చూసింది. అయ్యో పాపం మాత్రం అనలేదు.

"ఈ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా! నవ్వమంటే రెండుసార్లు నవ్వేదాన్ని."

మర్నాటికి వీధంతా తెలిసిపోయింది. ఇప్పుడు ఎర్ర గుర్తు మీద నిలబడటానికి జనం వంతులు వేసుకుంటున్నారు. ఒకామె మనవడి ఊడిన పన్ను చూపిస్తుంది, ఒకాయన కొత్త కళ్లజోడు చూపిస్తాడు. వచ్చినవాళ్లు ఎలాగూ వచ్చాం కదా అని సబ్బో గుడ్లో పట్టుకెళ్తున్నారు. బట్టల షాపు పని కూడా మెకానిక్‌కే వచ్చింది.

ఓ పొద్దున పళ్లు తోముకుంటుంటే మళ్లీ ఫోను. పెళ్లాం పగలబడి నవ్వుతూ అందించింది.

"అబ్బాయ్..." బాబాయి గుసగుస.

"మళ్లీ క్లారిటీ పోయిందా బాబాయ్?"

"పోలేదయ్యా, అదే వచ్చిన చిక్కు. గల్లా కనిపించే కెమెరా ఉందే, దానికొక్కదానికి కాస్త తగ్గించగలవా?"

పైనుంచి ధబధబమని చప్పుడు, ఆపైన పిన్ని గొంతు ఫోనులో ఖంగుమని వినిపించింది.

"ఏమండీ, నోట్లో ఏంటది? మొహం కాస్త పైకెత్తండి!"