సంతకం పెట్టని కాగితం

బల్ల మీద ఫోను బుర్రుమని కదిలితే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది. ఇవాళ పొద్దున ఫోన్ చేసింది గ్యాసు బండ తెచ్చిన మనిషే. అయినా కాసేపు ఎత్తలేకపోయాను. అలాంటప్పుడల్లా ఎస్తేరు మేడమ్ గుర్తొస్తారు. తిరుమలగిరిలో మా బడి ఆఫీసుకు ఆవిడ సూపరింటెండెంటు, నేను గుమస్తాను. ఇస్త్రీ నలగని నేత చీర, పొదుపైన మాట. చిన్న రసీదైనా పూర్తిగా చదవనిదే సంతకం పెట్టేవారు కాదు. ఆ చాదస్తానికి మేము చాటుగా నవ్వుకునేవాళ్లం.

మా ఆయన క్యాబ్ నడిపేందుకు నా పేరు మీద అప్పు తీసుకుని కారు కొన్నాం. ఆయన కాలు విరిగి మంచాన పడ్డాక మూడు కిస్తీలు తప్పాయి. వసూలు చేసేవాళ్లు తెల్లవారకముందే ఫోన్లు చేసేవారు, అన్నం ముందు కూర్చుంటే చేసేవారు. ఎత్తడం మానేశాను. ఫైనాన్స్ కంపెనీ పంపిన ఉత్తరాలను విప్పకుండా బియ్యం డబ్బా వెనక దాచాను.

ఒకరోజు వాళ్లు బడి ఫోనుకే చేశారు. ఎత్తింది మేడమ్.

"ఆమె అప్పు సంగతి నాకెందుకు చెబుతున్నారు? ముందు మీ పేరు చెప్పండి, రాసుకుంటాను," అన్నారు. అవతలివాళ్లు ఫోను పెట్టేశారు.

నాకు ఏడుపు ఆగలేదు. "నా ఇజ్జత్ పోయింది మేడమ్. కారు గుంజుకపోతరంట."

"కంపెనీ ఉత్తరాలేమైనా పంపిందా?"

"ఇంట్ల ఉన్నయి. విప్పి చూడలే."

"రేపు పట్టుకురామ్మా. ముందు చదువుదాం, భయపడాలో వద్దో తర్వాత చూద్దాం."

మర్నాడు ఆవిడ భోజనం పక్కన పెట్టి అన్నీ చదివారు. "బాకీ నిజమే, కట్టాల్సిందే," అని ముందే తేల్చేశారు. కానీ వేళాపాళా లేకుండా ఫోన్లు చేయడం, పదిమందికీ చెప్పి పరువు తీయడం, నోటీసు ఇవ్వకుండా బండి బలవంతంగా లాక్కోవడం కూడదని వివరించారు. కంపెనీ వినకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చన్నారు. నెలకు ఎంత కట్టగలనో చెబుతూ నా చేతే ఉత్తరం రాయించి, ఆసుపత్రి కాగితాలు జతచేయించి, రిజిస్టరు పోస్టులో పంపించారు.

ఇవన్నీ ఎలా తెలుసని అడిగాను. ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మా తమ్ముడి ఆటో అప్పుకు నేను హామీ ఉన్నాను. తెల్లకాగితం మీద సంతకం చేశాను. అందులో ఏం రాసుకున్నారో కోర్టులో చూశాను," అన్నారు. ఆ రోజుతో ఆవిడ చాదస్తానికి నవ్వుకోవడం మానేశాను.

కంపెనీ జవాబు అప్పటికింకా రాలేదు. ఒక శనివారం నేనే కారు నడుపుకుంటూ కూరగాయలకు మోండా మార్కెట్‌కు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇద్దరు మగవాళ్లు కారుకు అడ్డంగా నిలబడి ఉన్నారు.

"అక్కా, తాళం ఇయ్యి. గీడ సంతకం పెట్టు, అయిపోతది."

నా ఇష్టంతోనే కారు అప్పగిస్తున్నట్టు ఆ కాగితంలో ఉంది. చుట్టూ జనం మూగుతున్నారు. కూరగాయల సంచి కింద పెట్టి అడిగాను.

"మీ ఐడీ కార్డులేవి? కంపెనీ ఇచ్చిన లెటరేది?"

"కిస్తీలు కట్టవు గానీ రూల్స్ మాట్లాడుతవా?"

"కట్టలే, నిజమే. కడతనని రాసిచ్చిన. సంతకం మాత్రం పెట్ట. జబర్దస్తీ చేస్తే గిక్కడ్నుంచే పోలీసులకు ఫోన్ చేస్త."

వాళ్లు కారుకు అడ్డం తప్పుకున్నారు. "మళ్లొస్తం," అని బెదిరించి వెళ్లిపోయారు. కారులో ఎంతసేపు కూర్చున్నానో! సంచిలో కొత్తిమీర వాడిపోయింది.

ఆ తర్వాత పది రోజులు గేటు చప్పుడైతే చాలు, కారు ఉందో లేదోనని కిటికీలోంచి చూసేదాన్ని. చివరికి కంపెనీ జవాబిచ్చింది. కిస్తీలు చిన్నవి చేసి గడువు పెంచారు. వడ్డీ తగ్గించలేదు. అదనంగా ఏడాదిన్నర కట్టాం, కారు మిగిలింది.

మేడమ్ పోయినేడు కన్నుమూశారు. ఆవిడ వల్ల ధైర్యవంతురాలినయ్యానంటే అబద్ధం. ఆసుపత్రిలోనైనా, బ్యాంకులోనైనా ఎవరైనా కాగితం ముందుకు తోసి, "ఇక్కడ పెట్టండి" అంటే నా గొంతు వణుకుతుంది. ఆ వణికే గొంతుతోనే, "ఉండండి, చదవనివ్వండి," అంటాను. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటున్నా చివరి అక్షరం దాకా చదువుతాను.