సరోజమ్మక్క దాచిన పాత ఫోర్ట్రాన్

నిన్న బీరువా తెరిస్తే ఒకప్పుడు కంప్యూటరుకు లెక్కలు అందించిన చిల్లుల అట్టలు, ఆ పాత పంచ్ కార్డుల వాసన గుప్పుమంది. వెంటనే ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళయినా ఆ కోపం చల్లారలేదు నాకు.

ఎనభైల్లో తిరుపతిలో ఒక కంప్యూటర్ కేంద్రంలో చేరినప్పుడు సరోజమ్మక్క నా పై అధికారి. నగరి నేతగాళ్ళ ఇంటి ఆడపడుచు. లెక్కలు చేయించే ఫోర్ట్రాన్ భాషకు కొత్త వెర్షన్ వచ్చినా ఆమె పాతదాన్ని తీసేయలేదు. ఒకే యంత్రంలో రెండూ ఉంచి, ఎవరి కార్డుల కట్టకు ఏది కావాలో దానిమీదే ఎర్రసిరాతో రాసేది. "ఈ రెండు కాపురాలు ఎందుకక్కా?" అని విసుక్కున్నాను.

"వాళ్ళ లెక్క దేంట్లో పుట్టిందో దాంట్లోనే నడవాల. మనకు కొత్తది వచ్చిందని వాళ్ళది తప్పయిపోతాదా?" అంది.

ఆమె చెల్లెలి పెళ్ళికి వెళ్ళినప్పుడు మా కేంద్రం డైరెక్టరు నన్ను పిలిచాడు. "కొత్తది ఉండంగా ఆ పాత చెత్త ఎందుకయ్యా? తీసెయ్!" అన్నాడు. తీసేశాను.

మరునాడే రమణయ్య వచ్చాడు. డాక్టరేటు పట్టా కోసం చిత్తూరు జిల్లా వానల మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన మనిషి. పరీక్షకులు తమ ఎదుటే లెక్క మళ్ళీ నడపమన్నారు. వచ్చిన అంకెలు అతను గ్రంథంలో రాసినవాటితో కలవలేదు. "దొంగ లెక్కలు! యంత్రం అబద్ధం చెప్తాదా?" అన్నాడు డైరెక్టరు, అందరి ముందూ. పట్టా ఆపేశారు. ఎక్కడ తేడా వచ్చిందో నాకు అనుమానం తట్టింది. అయినా నోరు మెదపలేదు.

ఆ గొడవ జరిగిన మూడో రోజు అక్క పెళ్ళి నుంచి వచ్చి కార్డులన్నీ తిరగేసింది. వాన పడని నెలకు, వాన రోజులు సున్నా అని ఇచ్చి, రమణయ్య ఒక ఖాళీ కార్డు పెట్టాడు. పాత ఫోర్ట్రాన్ సున్నాసార్లు చదవమన్నా కనీసం ఒకసారి చదువుతుంది కాబట్టి, ఆ కార్డును చదివి ముందుకు పోయేది. కొత్తది, చదవాల్సినవి సున్నా కదా అని దాన్ని చదవకుండా వదిలేసింది. ఆ ఖాళీ కార్డు తరువాతి నెల లెక్కలో పడి, అక్కడి నుంచి అంతా తారుమారైంది. అక్క ముందే నకలు తీసి తన దగ్గర దాచిన టేపు నుంచి పాతదాన్ని మళ్ళీ ఎక్కించి నడిపితే, చివరి అంకె దాకా కలిసింది. పట్టా ఇస్తామన్నారు.

డైరెక్టరు రమణయ్యకు క్షమాపణ చెప్పాడా? లేదు! అనుమతి లేకుండా టేపు దాచిందని అక్కకు మెమో ఇచ్చాడు. ఎంత సిగ్గులేనితనం!

అక్క ఆ కాగితం మడిచి సంచిలో వేసుకుంది. "తీసేసింది నువ్వేనని ఆ రమణయ్యకు చెప్పినావా?"

"లేదక్కా."

"పో, చెప్పిరా."

వెళ్ళి చెప్పాను. తిడతాడనుకున్నాను. రమణయ్య నా చెయ్యి పట్టుకొని, "మూడు దినాలుగా నేనే యాడో దొంగ లెక్క రాసినానేమో అనుకుంటా ఉండానబ్బా" అన్నాడు.

ఏ యంత్రంలోనైనా పాతది తీసేసే ముందు, దానిమీద ఎవరి పని నడుస్తోందో ఇప్పటికీ అడుగుతాను. ఎవరైనా తొందరపెడితే మండిపడతాను. ఆ కోపంలో సగం డైరెక్టరు మీద. మిగతా సగం, ఏ తప్పూ చేయని మనిషి మూడు రోజులు తనను తానే అనుమానించుకుంటుంటే పక్కనే నిలబడి చూసిన నా మీద.